రాత్రి అల్లిన వరుసలు బిగుసుకుపోతున్నాయి: ఏం చేయాలి?

డబుల్ క్రోషే కుట్టుతో ఒక దుప్పటి అల్లుతున్నాను. 5 మిల్లీమీటర్ల కొక్కెం సూది, మధ్యరకం మందం ఊలు, వరుసకు 120 కుట్లు. మొదటి 30 వరుసలు సెలవు రోజుల్లో తీరికగా అల్లినందున వెడల్పు 90 సెంటీమీటర్లు నిలకడగా వచ్చింది. ఆ తరువాత పిల్లల చదువులు, ఇంటి పనులు మళ్లీ మొదలవడంతో రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఇరవై నిమిషాలకు మించి సమయం దొరకడం లేదు. అదీ తరచూ వరుస మధ్యలోనే ఆగిపోతుంది.

ఇప్పుడు 46వ వరుస దగ్గర వెడల్పు 84 సెంటీమీటర్లే ఉంది. కుట్లు రాలిపోయాయేమోనని రెండుసార్లు లెక్కపెట్టాను. 120 సరిగ్గానే ఉన్నాయి. అంటే, అలసిన చేతితో నూలును గట్టిగా లాగుతున్నానన్నమాట. ఆపిన చోట గుర్తు పిన్ను పెట్టడం వల్ల లెక్క తప్పలేదు గాని బిగువు మారలేదు. 5.5 మిల్లీమీటర్ల సూదికి మారితే దానితో అల్లిన నాలుగు వరుసలు వదులై అంచు అలలుగా తేలింది, విప్పేశాను. తెల్లవారుజామున ఐదింటికి లేచి అల్లుదామంటే, నా అలికిడికి చిన్నది నాకంటే ముందే లేచి ఊలు ఉండను మంచం కిందికి దొర్లించింది.

బిగుసుకున్న 16 వరుసలనూ విప్పడానికి సిద్ధమే. అయితే, ఇలా తునకలు తునకలుగా దొరికే సమయంలోనే పెద్ద అల్లికలు పూర్తిచేసినవారు, ప్రతి రాత్రి మొదలుపెట్టే ముందు చేతి బిగువును పాత వరుసలతో ఎలా సరిపోల్చుకుంటున్నారు?