వీణ పికప్‌కు ఏ ఆప్‌ఆంప్?

ప్రశ్న: అమ్మ వీణకు పీజో పికప్ (కంపనాలను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే బిళ్ల) అంటించి, ఇంట్లో ఉన్న ఎల్‌ఎం358 ఆప్‌ఆంప్‌తో (సిగ్నల్‌ను పెంచే చిప్) ప్రీఆంప్ కట్టాను. రెండు 9 వోల్టుల బ్యాటరీలు, ఇన్‌పుట్‌లో 1 మెగోమ్ రెసిస్టర్. గట్టిగా మీటితే బాగుంది, నాదం సన్నబడేటప్పుడు గరగరమంటోంది. దాని బదులు ఎన్‌ఈ5532 ఆప్‌ఆంప్ పెట్టనా?

జవాబు 1: అది 358 గుణమేనండీ, క్రాసోవర్ డిస్టార్షన్, అంటే సిగ్నల్ ప్లస్ నుంచి మైనస్‌కు మారే చోట వంకర పోవడం. అవుట్‌పుట్ నుంచి మైనస్ సప్లైకి ఒక రెసిస్టర్ కడితే తగ్గుతుంది.

జవాబు 2: 5532 వద్దండీ. నాయిస్ తక్కువే, కానీ బయాస్ కరెంట్ (చిప్ ఇన్‌పుట్ కాళ్లలో పారే కరెంట్) సుమారు 200 నానోఆంప్స్. మీ 1 మెగోమ్ మీద అది 0.2 వోల్టు అనవసరపు డీసీ! నేనూ ఇలాగే ఓ రాత్రంతా తల పట్టుకున్నా. ఫెట్ ఇన్‌పుట్ ఉన్న, అంటే ఆ కరెంట్ దాదాపు లేని, టీఎల్‌072 చాలు. బుస్సుమంటే ఓపీఏ2134. పిన్నులు ఒకటే, సాకెట్‌లో మార్చి వినండి.

ప్రశ్న వేసినవారు: సాకెట్టా! నేరుగా సోల్డర్ చేసేశానండీ. సాయంత్రం 8 కాళ్లూ పీకాలి.