350 సీసీ బండికి ఫాగ్ లైట్లు: ఎన్ని వాట్లు, రిలే కావాలా, చలాన్ పడుతుందా?

కోరమంగల_350
అందరికీ నమస్కారం. 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి, హెచ్4 హాలోజన్ హెడ్‌లైట్, 60/55 వాట్లు. నెలకి రెండుసార్లు శుక్రవారం రాత్రి బెంగళూరు నుంచి ఎన్‌హెచ్ 44 మీద అనంతపురం వెళ్ళాలి. దేవనహళ్ళి దాకా వీధి దీపాలున్నాయి కాబట్టి సరిపోతుంది. బాగేపల్లి దాటాక ఎదురు లారీ లైటు కంట్లో పడిందంటే రోడ్డు అంచు కనబడదు. చలికాలంలో చిక్కబళ్ళాపురం దగ్గర మంచు దీనికి అదనం. జేసీ రోడ్డులో ఒక షాపు 40 వాట్ల జత చాలంటుంది, పక్క షాపు 120 అంటుంది. ఇంకొకాయన రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్) దండగ, హ్యాండిల్ స్విచ్ నుంచి నేరుగా లాగేద్దాం అంటాడు. ఎవరి మాట వినాలి? తెల్లవా, పసుపువా? పోలీసులు ఆపితే ఏం చెప్పాలి?

కరెంటు_మేస్త్రి
రిలే దండగ అన్న షాపులో బండి పెట్టకండి.

డబ్బా మీద రాసిన వాట్లు నమ్మొద్దు. మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి లైటుకి సిరీస్‌లో కలపండి. 13.8 వోల్టుల దగ్గర 1.6 ఆంపియర్లు లాగితే అది 22 వాట్ల లైటు, పైన 60 అని రాసున్నా సరే. నిజంగా 20 వాట్లుండే రెండు లైట్లు మీ బండికి చాలు. జతకి మూడు ఆంపియర్ల చిల్లర అవుతుంది.

బండి మోస్తుందా లేదా అన్నది బ్యాటరీ టెర్మినళ్ళ దగ్గర వోల్టేజి చెబుతుంది. హెడ్‌లైట్, ఫాగ్ లైట్లు అన్నీ వేసి 3000 ఆర్‌పీఎం దగ్గర చూడండి. 13.5 పైన నిలబడితే దిగుల్లేదు. 12.8 కిందికి జారితే బ్యాటరీ ఛార్జి కావట్లేదు, ఉన్నదే తింటోంది. సిటీ ట్రాఫిక్‌లో ఐడిల్‌లో కాస్త పడటం మామూలే, అక్కడ ఆపేసుకోండి.

కావలసినవి: 12 వోల్టుల 30 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలే, దాని సాకెట్, వైరు మధ్యలో పెట్టే బ్లేడ్ ఫ్యూజ్ హోల్డర్, 7.5 ఆంపియర్ల ఫ్యూజులు రెండు (ఒకటి స్పేర్), మెయిన్ లైనుకి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, స్విచ్‌కి 0.75ది, రింగ్ లగ్గులు, హీట్ ష్రింక్ స్లీవ్.

కలిపే తీరు: బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజ్, ఫ్యూజ్ నుంచి రిలే మీద 30 అని రాసున్న పిన్నుకి. లైట్ల పాజిటివ్‌లు 87 పిన్నుకి. 85 ఎర్త్‌కి. కీ తిప్పితేనే కరెంటు వచ్చే వైరు నుంచి హ్యాండిల్ స్విచ్‌కి, అక్కడినుంచి 86కి. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరం దాటకూడదు. ఫ్యూజ్‌కి ముందున్న వైరు ఎక్కడైనా ఒరిసి ఫ్రేముకి తగిలితే ఆపేవాడు లేడు. కొన్నిచోట్ల 30 ఆంపియర్ల ఫ్యూజ్ వేసి పంపుతారు, దానికంటే ముందు వైరే కాలుతుంది.

రిలే ఎందుకంటే, హ్యాండిల్ స్విచ్ లోపలి కాంటాక్టులు చిన్నవి. మూడు ఆంపియర్లు గంటల తరబడి పారితే ప్లాస్టిక్ మెత్తబడి ఇరుక్కుంటుంది. రిలే ఉంటే స్విచ్ గుండా వెళ్ళేది కాయిల్ కరెంటే, అది ఆంపియర్‌లో ఆరో వంతుకి మించదు.

ఒక జాగ్రత్త. షాపువాడు ఐదు పిన్నుల రిలే అంటగడితే మధ్యలో ఉండే 87ఏ ఖాళీగా వదిలేయాలి. లైటు వైరు పొరపాటున అందులో పడితే స్విచ్ ఆపినప్పుడు లైట్లు వెలుగుతాయి, తెల్లారేసరికి బ్యాటరీ నిల్.

విజర్_తుడిచారా
లైట్లు కొనేముందు హెల్మెట్ విజర్ చూసుకోండి బ్రో. గీతలు పడిన విజర్‌లో ఎదురు లైటు నక్షత్రంలా చిమ్ముతుంది, బండికి ఎన్ని దీపాలు తగిలించినా అది తగ్గదు. రాత్రికి టింటెడ్ విజర్ వద్దే వద్దు. హెడ్‌లైట్ అద్దం తుడిచి, ఎత్తు సరిచేసి చూస్తే సగం సమస్య అక్కడే తీరొచ్చు.

నంది_కొండ_ఫాగ్
రంగు గురించి. పసుపు కాంతి మంచుని చీల్చుకుపోతుందన్నది వినడానికి బాగుంటుంది కానీ, మంచు బిందువులు కాంతి తరంగం కంటే చాలా పెద్దవి. అన్ని రంగులనీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. ఫాగ్ లైటు పనిచేసేది కింద ఉండటం వల్ల, వెడల్పుగా పరుచుకోవడం వల్ల, పైకి కాంతి చిమ్మకపోవడం వల్ల. అయినా నేను పసుపే కొనమంటాను, 3000 కెల్విన్ (కాంతి రంగుని చెప్పే కొలత) దరిదాపుల్లో. నీలం పాలు తక్కువ కాబట్టి తడి రోడ్డు మీద, మంచులో కంటికి ఒత్తిడి తగ్గుతుంది. 6000 కెల్విన్ తెలుపు వాన పడిన తారు మీద ఏమీ చూపించదు.

లెగ్ గార్డు మీద రెండు పక్కలా బిగిస్తే ఇంకో లాభం. ఒంటి దీపం ఎంత దూరంలో ఉందో ఎదుటివాడికి అంచనా దొరకదు. మూడు దీపాలు త్రికోణంగా కనిపిస్తే బండి అని, దగ్గరికొస్తోందని తెలుస్తుంది.

అసలు పని గురి పెట్టడం. చదునైన చోట గోడకి 5 మీటర్ల దూరంలో బండి సెంటర్ స్టాండ్ దించి, మీరు కూర్చుని, వెనక లగేజీతో సహా నిలబెట్టండి. బరువు లేకుండా గురి పెడితే, బరువెక్కాక వెనక దిగి ముందు లైట్లు ఆకాశం చూస్తాయి. లైటు నేల నుంచి 60 సెంటీమీటర్లుంటే, గోడ మీద వెలుగు నడిమధ్య 48 దగ్గర పడాలి. అంటే 5 మీటర్లకి 12 సెంటీమీటర్ల వాలు, బీమ్ నడిమధ్య 25 మీటర్ల దగ్గర నేల తాకుతుంది. అంతకంటే దూరం చూపించడం హై బీమ్ పని. గురి కుదిరాక నైలాక్ నట్టుతో (వైబ్రేషన్‌కి వదులు కాని నట్టు) బిగించి, బోల్టు మీద మార్కర్‌తో గీత గీయండి. సింగిల్ సిలిండర్ వైబ్రేషన్‌కి 500 కిలోమీటర్లలో ఎంత కదిలిందో ఆ గీతే చూపిస్తుంది.

చలాన్_కట్టనోడు
మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 బండిని మార్చడం గురించి. లైట్ల సంగతి సెంట్రల్ మోటార్ వెహికల్ రూల్స్‌లో రూల్ 106లో ఉంది: దీపానికి 8 మీటర్ల ముందు, 1.5 మీటర్ల ఎత్తులో కన్నున్న మనిషికి వెలుగు కొట్టకూడదు. కర్ణాటకలో 2024 జూలై నుంచి కళ్ళు చెదిరే ఎల్ఈడీ లైట్ల మీద సెక్షన్ 177 కింద కేసులు రాస్తున్నారు. ఊళ్ళో లైట్లు ఆర్పి, పైన నల్ల మూత వేసుకోండి. మిణుకుమిణుకుమనే స్ట్రోబ్ మోడ్ ఉన్న లైటు అసలు కొనకండి. ఇదంతా చేసినా ఆపిన ఆఫీసర్ ఇష్టం మీద కొంత ఉంటుంది, అది చెప్పకపోతే అబద్ధమవుతుంది.

కోరమంగల_350
అందరికీ థ్యాంక్స్. మేస్త్రి గారూ, అన్నీ వేసి చూస్తే 3000 దగ్గర 13.7, ఐడిల్‌లో 12.9. ఇంకో డౌటు. రిలేని ఆన్ చేసే ట్రిగ్గర్ కరెంటు హెడ్‌లైట్ వైరు నుంచే తీసుకోవచ్చా? 2017 ఏప్రిల్ తర్వాత బండి కాబట్టి ఇంజిన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ ఎలాగూ వెలుగుతుంది.

కరెంటు_మేస్త్రి
13.7 అంటే హాయిగా వేసుకోండి.

హెడ్‌లైట్ వైరు ముట్టుకునే ముందు మీటర్‌ని ఏసీలోనూ డీసీలోనూ పెట్టి చూడాలి. కొన్ని బళ్ళలో హెడ్‌లైట్‌కి స్టేటర్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టించే కాయిల్) నుంచి నేరుగా ఏసీ వస్తుంది, దానికి రిలే కలిపితే టకటకా కొట్టుకుంటుంది. మీ బండికి టెయిల్ ల్యాంప్ వైరు మేలు, కీ వేసినప్పుడే 12 వోల్టులు చూపిస్తుందో లేదో చూసుకోండి. నొక్కితే అతుక్కునే టీ క్లిప్పులు వాడకండి. లోపలి తీగలు తెగి, ఒక్క వానకే పచ్చగా చిలుము పడుతుంది. సోల్డర్ చేసి స్లీవ్ వేయండి.

లైట్ల ఎర్త్ ఫ్రేముకి కాదు, బ్యాటరీ నెగటివ్‌కే తేవాలి. రంగు మీద బిగించిన ఎర్త్ వల్లే హారన్ కొడితే లైటు డిమ్మవుతుంది. రిలేని సీటు కింద, పిన్నులు కిందికి ఉండేలా పెట్టండి. చివర్లో హ్యాండిల్‌ని ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పి చూడండి, ఎక్కడా వైరు బిగుసుకోకూడదు. స్టీరింగ్ మెడ దగ్గర రెండు అంగుళాల వదులు ఉంచి ట్యాగ్ వేస్తే సరి.