‘ఫీనా వెంకో’ని తెలుగులో ఏమందాం?

గోటింగెన్ నుంచి

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను, కాస్త సాయం చెయ్యండి.

నేను జర్మనీలో గోటింగెన్‌లో చదువుకుంటున్నాను. మా ఇంటి ఓనరు డెబ్భై దాటిన పెద్దాయన. ఆయన పుట్టిన హెర్జ్‌బెర్గ్ ఇక్కడికి దగ్గరే. ఆ ఊరు 2006 నుంచి తనను తాను ‘ఎస్పెరాంతో నగరం’ అని చెప్పుకుంటోంది. ఎస్పెరాంతో అంటే దేశదేశాలవాళ్ళూ మాట్లాడుకోవడానికని ఒకాయన కూర్చి తయారుచేసిన భాష. ఈయనకి రెండు పిచ్చులు: ఎస్పెరాంతో, ఫుట్‌బాల్. శనివారం మ్యాచ్ ఉంటే నన్నూ కిందికి పిలుస్తారు. ఆయన జట్టు పేరు మాత్రం ఇక్కడ రాయను, పరువు విషయం. కింది డివిజన్‌లో పడి చాన్నాళ్లయింది, పైకొచ్చే సూచనలు లేవు.

మొన్న చివరి నిమిషంలో గోలు తిని ఓడిపోయారు. పక్కన కూర్చున్న ఆయన స్నేహితుడు (ఈయనా ఎస్పెరాంతో మనిషే) భుజం తట్టి, “నువ్వు ఇంకా ఫిన్‌వెంకిస్తోవే” అన్నాడు. “నువ్వు రౌమిస్తోవి, నీకేం ఏడుపు!” అని మా పెద్దాయన. ఇక ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు. నేను చేతిలో వేరుశనగలు పట్టుకుని అయోమయంగా చూస్తున్నా.

తర్వాత విడమరిచి చెప్పారు. ‘ఫీనా’ అంటే చివరి, ‘వెంకో’ అంటే గెలుపు. ‘ఫీనా వెంకో’ని నమ్మేవాడు ఫిన్‌వెంకిస్తో. “మీ భాషలో ఏమంటారు?” అని అడిగితే ‘అంతిమ విజయం’ అనేశాను. అన్న క్షణం నుంచీ అది గొంతులో ముల్లులా ఉంది. మీరేమంటారు?

తెనాలి నుంచి

ముల్లు గుచ్చుకోక ఏం చేస్తుంది నాయనా. ‘అంతిమ’ అనగానే తెలుగువాడి చెవికి ముందు వినపడేది ‘యాత్ర’. గెలుపు గురించి చెబుతూ నలుగురు మోసే వాహనాన్ని గుర్తు చెయ్యడం ఎందుకు? ‘తుది విజయం’ అంటే పేపరు భాష. పైగా తుదిపోరు, తుదిజట్టు అని స్పోర్ట్స్ పేజీలో రోజూ చదువుతాం కాబట్టి అది ఫైనల్ మ్యాచ్‌లో గెలుపనే అనుకుంటారు. అసలు వాళ్ళ మాటకీ ఆ రెండర్థాలూ ఉన్నాయా? ముందది తేల్చండి.

‘వెంకో’ వింటే మాత్రం ఇంట్లోవాళ్ళు వెంకన్నకి మొక్కుకున్నావా అని అడుగుతారు.

హైదరాబాద్ నుంచి

మాస్టారూ, మంచి ప్రశ్న. ఎస్పెరాంతో నేర్చుకుని పదేళ్ళయింది, నాకు తెలిసింది చెబుతాను.

జామెన్‌హోఫ్ అనే కంటి డాక్టరు 1887లో వార్సాలో మొదటి పుస్తకం అచ్చు వేయించినప్పుడు సొంత పేరు పెట్టుకోలేదు. ‘దొక్తోరో ఎస్పెరాంతో’ అని పెట్టుకున్నాడు. ‘ఎస్పెరి’ అంటే ఆశపడటం. ‘-అంత్-’ ఇప్పుడు జరుగుతున్న పనిని చేసేవాడికి గుర్తు. చివరి ‘-ఓ’ నామవాచకానికి. అంటే ‘ఆశపడుతూ ఉన్నవాడు’. ఆ కలంపేరే భాష పేరై కూర్చుంది. ఈ భాష ఎప్పటికైనా లోకమంతటికీ రెండో భాష అయి తీరుతుందన్న నమ్మకమే ‘ఫీనా వెంకో’. దానికీ ఫైనల్ మ్యాచ్‌కీ పుట్టుకలో సంబంధం లేదు. కానీ ఫుట్‌బాల్ చూసే ఎస్పెరాంతిస్తులు ఆ రెండో అర్థాన్ని వదిలిపెడతారా?

ఇక రౌమిస్తో. 1980లో ఫిన్లాండ్‌లోని రౌమా ఊళ్ళో ఎస్పెరాంతో యువజనుల కాంగ్రెస్ (మహాసభ) జరిగినప్పుడు ఒక ప్రకటన తయారైంది. దాని సారం టూకీగా: లోకాన్ని గెలవడం అనే బరువు దించేద్దాం, మనం కోరి చేరిన ఒక చిన్న భాషాసమూహం, దేశదేశాల్లో చెదిరి ఉన్నాం, ఈ భాషలో పాటలు, పుస్తకాలు, స్నేహాలు ఉన్నాయి, అవి చాలు. దాన్ని ఒప్పుకున్నవాడు రౌమిస్తో. అప్పట్నుంచి ఫిన్‌వెంకిస్తో, రౌమిస్తో ఒకరినొకరు ఆటపట్టించుకోవడమే. ఒకడికి కప్పు కావాలి. రెండోవాడికి మ్యాచ్ జరిగితే చాలు, టీ వేడిగా ఉంటే ఇంకా మంచిది.

అంటే తమ్ముడూ, ఆ స్నేహితుడు మీ పెద్దాయన్ని ఏడిపించింది భాష గురించీ కాదు, జట్టు గురించీ కాదు. రెండూ ఒకే జబ్బని చెప్పాడు.

వరంగల్ నుంచి

అంతా మంచిగనే ఉంది గని నాకో డౌటు. ఈ ఎస్పెరాంతోవాళ్ళు ఏ జట్టుకు చప్పట్లు కొడతరు? దేశం లేదు, జెండా కింద సైన్యం లేదు, లీగుల టీము లేదు.

ఇంకోటి. ఫుట్‌బాల్‌కు ఈ భాషతోటి పనేంది? దానికి దాని ఎస్పెరాంతో ఉండనే ఉన్నది. 1966 వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్ యాది చేసుకోండ్రి. వెంబ్లీల ఇంగ్లండ్, అర్జెంటీనా మ్యాచ్. రిఫరీ క్రైట్లయిన్ జర్మనాయన, ఆయనకు స్పానిష్ రాదు. అర్జెంటీనా కెప్టెన్ రత్తీన్‌ను బయటికి పొమ్మన్నడు. ఆయనేమో దుబాసీని పిలవండి, మాట్లాడాలె అని నిలబడ్డడు, మైదానం ఇడిచిపెట్టడు. ఆట ఆగింది. రిఫరీల పెద్ద కెన్ ఆస్టన్ ఆ గొడవ మనసుల పెట్టుకుని కారుల పోతుంటే ట్రాఫిక్ లైటు కనబడ్డది. పసుపంటే చూస్కో, ఎరుపంటే ఆగిపో. 1970ల మెక్సికో వరల్డ్ కప్‌కు కార్డులొచ్చినయ్. నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు, లోకమంతా సమజైతది. మీ డాక్టరుసాబ్ ఇన్నేళ్ళు చేసింది ఈయన సిగ్నల్ దగ్గర చేసిండు.

హైదరాబాద్ నుంచి

బాగా ఇరికించావు తమ్ముడూ. జట్టు మాత్రం ఉంది. ఏటా జరిగే ప్రపంచ ఎస్పెరాంతో కాంగ్రెస్‌కి వచ్చినవాళ్ళలో ఆడగలిగినవాళ్ళని పోగేసి ఒక జట్టు కట్టారు. 2014లో బ్యూనస్ ఐరిస్‌లో అక్కడి అర్మేనియన్ సమాజం జట్టుతో ఆడారు. 2015లో ఫ్రాన్స్‌లోని లీల్‌లో వందో కాంగ్రెస్ జరిగినప్పుడు పశ్చిమ సహారా జట్టుతో. ప్రత్యర్థులెవరో చూశావా? ఒకరు చెల్లాచెదురై పరాయి గడ్డ మీద బతుకుతున్నవాళ్ళు, ఇంకొకరు చేతిలో దేశం లేనివాళ్ళు. ఆకుపచ్చ నక్షత్రం (అది ఎస్పెరాంతో గుర్తు) జట్టుకి తగిన జోడీలే.

కార్డుల సంగతి ఒప్పుకుంటాను. కానీ కార్డుకి తెలిసింది రెండే మాటలు. ‘మా వాడు తొయ్యనేలేదండీ, వాడే పడ్డాడు’ అని ఏ రంగు కార్డుతో చెబుతావు? అభిమాని బాధంతా అక్కడే.

గ్యాలరీలో కూర్చున్నవాడికి కావలసిన మాటలు ఆ భాషలో ఎలా పుడతాయో చూడు. సహచరుణ్ణి వాళ్ళు ‘సమిదెయానో’ అని పిలుచుకుంటారు: సమ్ (ఒకే), ఇదె (ఆలోచన), ఆన్ (చెందినవాడు). ఒకే ఆలోచనకి చెందినవాడన్నమాట. అదే అచ్చులో జట్టు అనే ‘తెయమో’ని పోస్తే ‘సమ్‌తెయమానో’, ఒకే జట్టువాడు. గోలు ‘గోలో’. ఆ గోలు పడే చోటు ‘గొలేయో’, అక్కడ కాపలా ఉన్నవాడు ‘గొలూలో’. కొత్తవాడు కూడా కూర్చున్నచోట కూర్చునే అల్లేసుకోవచ్చు.

ఫుట్‌బాల్‌కి మాత్రం అచ్చంగా అల్లిన ‘పియెద్‌పిల్కో’ ఉంది. పియెద్ కాలు, పిల్కో బంతి. అయినా ఎక్కువమంది ‘ఫుత్‌బాలో’ అనే అంటారు. చాలా భాషలు ఒకేచోటినుంచి తెచ్చుకున్న మాటని రాత మార్చుకుని అలాగే వాడుకోవచ్చని వాళ్ళ పదిహేనో నియమం. మనకీ ‘కాలిబంతి’ ఉంది. ఎవరైనా వాడగా విన్నారా?

తెనాలి నుంచి

మా బడిలో డ్రిల్లు మాస్టారొకాయన వాడేవారు. పిల్లలు నవ్వేవారు. ఆయనా నవ్వేసి ‘సరే, ఫుట్‌బాలే తీసుకురండిరా’ అనేవారు. కాలిబంతి కథ అక్కడితో సరి.

‘సమ్’ మన ‘సమ’కి దూరపు చుట్టమే, గమనించారా? సమిదెయానోని నేనైతే ‘సమభావుకుడు’ అంటాను. ఎవరూ ఒప్పుకోకపోయినా సరే.

ఇప్పుడు నా ప్రశ్న. మన ‘అభిమాని’కి వాళ్ళేమంటారు? ఎందుకు అడుగుతున్నానంటే, ఈ మాట ప్రతి భాషలోనూ ఒక కథ మోస్తుంది. ఇంగ్లీషు ఫ్యాన్ ‘ఫెనాటిక్’కి తోక కోసిన రూపం, గుడి ముందు పూనకం వచ్చినవాడు. ఇటలీవాళ్ళ ‘తిఫోజో’లో టైఫస్ జ్వరం ఉంది. సంస్కృతంలో అభిమాని అంటే గర్విష్ఠి. తెలుగులోకి వచ్చాక ఆ గర్వం కరిగి ప్రేమైంది. ‘అభిమానవతి’లో పాత వాసన ఇంకా ఉంది. ‘మీ అభిమానానికి కృతజ్ఞతలు’లో లేదు.

హైదరాబాద్ నుంచి

స్పానిష్ వాళ్ళ ‘ఇంచా’ని మరిచారు మాస్టారూ. ఇంచార్ అంటే గాలి ఊదడం. ఉరుగ్వేలో నాసియొనాల్ క్లబ్బుకి బంతుల్లో గాలి నింపే రేయెస్ అనే ఆయన ఉండేవాడట, ఆట మొదలయ్యాక గొంతు చించుకుని అరిచేవాడట. ‘ఆ గాలికొట్టేవాడు ఎలా అరుస్తున్నాడో చూడు’ అనగా అనగా ఆ పేరు అభిమానులందరికీ అంటుకుందని అక్కడ చెప్పుకుంటారు.

ఎస్పెరాంతోలో ఇంత కథ లేదు. ‘షతాంతో’. ‘షతి’ అంటే ఇష్టపడటం, ‘ఇష్టపడుతూ ఉన్నవాడు’. గుంపుగా అయితే ‘షతంతారో’. చప్పగా ఉందని మొదట్లో నాకూ అనిపించింది. తర్వాత ఒకరోజు తట్టింది: షతాంతో, ఎస్పెరాంతో రెండూ ఒకే పోతలో పోసినవి. ఇష్టపడుతున్నవాడు, ఆశపడుతున్నవాడు. కింది డివిజన్ జట్టు వెంట తిరిగేవాడికి ఈ రెంటికీ తేడా ఏముంది?

అసలు అందం క్రియల చివర ఉంది. ‘వెంకి’ గెలవడం. దాని తోక మారుస్తూ పోతే ఒక అభిమాని శనివారం మొత్తం కనిపిస్తుంది. పొద్దున్న ‘నీ వెంకొస్’, గెలుస్తాం. మొదటి గోలు మనదైతే ‘నీ వెంకస్’, గెలుస్తున్నాం. అదృష్టం ఉంటే సాయంత్రం ‘నీ వెంకిస్’, గెలిచాం. లేకపోతే ‘నీ వెంకుస్’: ఆ రిఫరీ కళ్ళు తెరుచుకుని ఉంటే గెలిచేవాళ్ళం. నాలుగు తోకలు, ఒక్క మినహాయింపు లేదు. అరుపుకి ఐదోది ఉంది, ‘వెంకు!’. గెలవాలి, గెలుచుగాక. ఓటమికి వేరే ధాతువు కూడా పెట్టలేదు. ‘మల్-’ తగిలిస్తే ఏ మాటైనా తిరగబడుతుంది: వెంకో గెలుపు, మల్వెంకో ఓటమి.

తెనాలి నుంచి

జయానికి ‘అప’ తగిలిస్తే అపజయం అయినట్టే. బాగుంది.

ఆ ‘వెంకుస్’కి మన ‘గెలిచేవాళ్ళం’ ఎంత సరిగ్గా అతికిందో చూశారా! ‘గెలిచేవాళ్ళం’ అంటే పాత రోజుల్లో ఎప్పుడూ గెలుస్తుండేవాళ్ళం అనీ అర్థమే, మొన్న గెలవాల్సింది పోయింది అనీ అర్థమే. మునుపటి వైభవమూ ఇప్పటి ఏడుపూ ఒక్క మాటలోనే. ఇంతకన్నా అభిమానికి ఏం కావాలి?

వరంగల్ నుంచి

నేను ఓడిపోయిన. మల్వెంకో. ఒక్కటే చెప్పండక్కా, గోలు పడ్డప్పుడు ‘గోలో’ అని అరిస్తే నోటికి సుఖంగుంటదా? లోకమంతా ‘గోల్’ అని ల మీద ఆపుతది, వీళ్ళేమో ఆ ‘ఓ’ పలకాలె.

హైదరాబాద్ నుంచి

దానికీ నియమం ఉంది! పదహారోది, ఆఖరుది. నామవాచకం చివరి అచ్చు తీసేసి ఒక అపాస్ట్రఫీ పెట్టుకోవచ్చు. కవులు ఛందస్సు కోసం వాడుకునే వెసులుబాటు అది. నొక్కు మాత్రం మొదట ఉన్నచోటే ఉంటుంది. అందుకని ‘గోల్’!’ అని అరిచినవాడు వ్యాకరణం తప్పలేదు, కవిత్వం చెప్పాడు.

మనం దానికి విరుద్ధం. హల్లు మీద ఆగలేక ‘గోలు’ అని ఉకారం పెట్టుకున్నాం. ఆ తర్వాత చేసేది గోల.

గోటింగెన్ నుంచి

చదివి చదివి నవ్వుకున్నాను, అందరికీ దండాలు. మాస్టారూ, మీ నుంచి ఇంకా తీర్పు రాలేదు. ‘ఫీనా వెంకో’ని ఏమందాం?

తెనాలి నుంచి

నామవాచకం వదిలెయ్యి నాయనా. మన ఊళ్ళలో పొలం కేసు ముప్పై ఏళ్ళుగా నడుస్తున్నవాడు ‘అంతిమ విజయం నాదే’ అనడు. ‘ఎప్పటికైనా గెలుస్తాం’ అంటాడు. ఆ ‘ఎప్పటికైనా’లోనే మీ పెద్దాయన ఉన్నాడు. ఫిన్‌వెంకిస్తోని ‘ఎప్పటికైనావాది’ అను. సంధి తప్పని ఎవరైనా అంటే నా పేరు చెప్పు.

రౌమిస్తోకి మాట వెతకొద్దు. వాడికి అక్కర్లేదు.

గోటింగెన్ నుంచి

నిన్న మ్యాచ్‌కి ముందు చెప్పాను. ‘ఎప్పటికైనా’ ఆయన నోట ‘ఎపటికయిన’ అయింది, ఒత్తు పడలేదు. ‘గెలుస్తాం’ మాత్రం చక్కగా వచ్చింది. కాగితం తీసి నాలుగు గళ్ళు గీసి ఒస్, అస్, ఇస్, ఉస్ అని రాశారు, ఇది ఏ గడిలోది అని అడిగారు.

‘రేపు గెలుస్తాం’ అన్నా ఇదే రూపం, ‘మేం ఎప్పుడూ గెలుస్తాం’ అన్నా ఇదే రూపం అని చెప్పాను. తద్ధర్మం అంటారని చెబుదామనుకున్నా, జర్మన్‌లో చేతకాలేదు. ఆయన పెన్సిలు ఎత్తిపట్టుకుని కాసేపు ఆలోచించారు.

“అంటే రేపటి సంగతో, రోజూ జరిగే సంగతో మీరు తేల్చి చెప్పరా?”

“చెప్పం.”

మొదటి రెండు గళ్ళ మధ్య గీతని రబ్బరుతో చెరిపేసి, అందులో ‘గెలుస్తాం’ అని జర్మన్ అక్షరాల్లో రాసుకుని, కాగితాన్ని టీవీ పక్కన నిలబెట్టారు. అప్పటికే 0–2.