చెరువు మత్తడి కాల్వలో మొరం పోస్తున్నరు, ఫిర్యాదు ఎట్ల చేయాలె?

హన్మకొండవాసి: కాలనీ పక్క చెరువు మత్తడి (అలుగు) కింద కాల్వను మొరంతో పూడుస్తున్నరు. శిఖం (చెరువు లోపలి భూమి) పట్టా ఉందంటున్నరు. వానలకు ముందే ఆపాలంటే ఎవరికి రాయాలె? ఏం ఆధారాలు పెట్టాలె?

తూముకాడ: శిఖం పట్టా ఉంటే నీళ్లు తగ్గినంక సాగు చేసుకోవచ్చు, కట్టడానికి హక్కు రాదు. ముందు నీటిపారుదల శాఖకు ఆర్టీఐ పెట్టండి. రుసుం 10 రూపాయలు, గడువు 30 రోజులు. చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు, సర్వే నంబర్లు, మత్తడి ఎత్తు అడగండి. ఎఫ్‌టీఎల్ అంటే మత్తడి పొర్లే మట్టం. ఎండాకాలంలో నీటి అంచును హద్దు అనుకొని ఫొటో తీస్తే అక్కడ్నే కేసు పోతది. ఫొటోలో మత్తడి రాయి, మొరం కుప్ప రెండూ పడాలె, జీపీఎస్ ముద్ర ఉండాలె.

సర్వేగొలుసు: 2012 నాటి భవన నిర్మాణ నియమాల జీవో 168 చూడండి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్ల బఫర్ (ఏం కట్టకుండ వదలాల్సిన జాగ), చిన్నదానికి 9. కాల్వకు వేరే లెక్క: వెడల్పు 10 మీటర్లు దాటితే 9, లోపలైతే 2. టేపు పట్టి వెడల్పు రాసుకోండి.

తూముకాడ: మ్యాపు కోసం ఆగొద్దు. సోమవారం కలెక్టరేట్‌ల ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ‘చెరువు కబ్జా’ అని ఊరికే రాస్తే రెవెన్యూ, ఇరిగేషన్ ఒకరి మీద ఒకరు తోసుకుంటరు. సర్వే నంబరు, ఎన్ని ట్రిప్పులు పోసిన్రో తేదీలతో రాయండి, కాపీ ఇద్దరికీ పంపండి.