ఎయిర్‌పోర్ట్ నుంచి ఓడరేవుకు కారు: ఇక్కడే డబ్బు కట్టి వెళ్లాలా, అక్కడ దిగాక చూసుకోవాలా?

మిర్యాలగూడ కోడలు

అందరికీ నమస్తే. దసరా సెలవుల్లో మేం ఆరుగురం సింగపూర్ వెళ్తున్నాం. అత్తమ్మ, మామయ్య, మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు (ఒకరికి ఏడేళ్లు, ఒకరికి మూడేళ్లు). అక్కడి నుంచి మూడు రాత్రుల క్రూజ్ తీసుకున్నాం. రాత్రి శంషాబాద్‌లో ఎక్కితే తెల్లారేసరికి చాంగీ ఎయిర్‌పోర్ట్‌లో దిగుతాం. ఓడ అదే రోజు సాయంత్రం. మామయ్యకు మోకాలి ఆపరేషన్ అయింది, ఎక్కువ నడవలేరు. అత్తమ్మకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు.

టికెట్లు తీసిన ఏజెంట్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఓడరేవుకు ప్రైవేట్ వ్యాన్ పెడతానని 7,500 రూపాయలు అడుగుతున్నాడు. మొత్తం ఇప్పుడే కట్టాలట, వద్దనుకుంటే తిరిగి ఇవ్వరట. మా ఆయనేమో అక్కడ టాక్సీలు వరుసగా నిలబడి ఉంటాయి, ఎందుకు దండగ అంటున్నారు. మా మరిది మెట్రోలో పొమ్మంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే లొల్లి. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

పాలమూరు బిడ్డ

అక్కా, ఆ డబ్బు కట్టకండి. ముందే బండి పెట్టుకోవాల్సినంత దూరమే కాదు అది. చాంగీ నుంచి మెరీనా బే క్రూజ్ సెంటర్‌కు దాదాపు 20 కిలోమీటర్లు, మన జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ పోయినంత అనుకోండి. అరగంట కూడా పట్టదు. లగేజీ తీసుకుని బయటికి రాగానే టాక్సీ క్యూ కనిపిస్తుంది. బేరం ఉండదు, మీటర్ ఎంత చూపిస్తే అంత. దానికి తోడు ఎయిర్‌పోర్ట్ సర్‌చార్జి, దారిలో టోల్ పడితే అది. రాత్రి 12 నుంచి ఉదయం 6 లోపు ఎక్కితే మాత్రం మీటర్ మీద సగం అదనం. మీరు బయటపడేసరికి ఎలాగూ ఆరు దాటుతుంది. మన డబ్బుల్లో ఒక టాక్సీకి రెండు, రెండున్నర వేలు. రెండు టాక్సీలు పెట్టుకున్నా ఐదు వేలు మించదు.

పైగా ముందే బుక్ చేస్తే మనం ఒక టైముకు కట్టుబడిపోతాం. విమానం లేటైతే టెన్షన్, ఇమిగ్రేషన్ దగ్గర లేటైతే టెన్షన్. టాక్సీకి ఆ గొడవే లేదు, మనం ఎప్పుడు వస్తే అప్పుడు ఎక్కుతాం. ఏజెంట్లు అమ్మేది మన భయాన్ని. కొత్త దేశం, భాష రాదు, పెద్దవాళ్లు ఉన్నారు అంటే వాళ్లు ఎంతంటే అంత ఇస్తామని వాళ్లకు తెలుసు.

దేవరకొండ మాస్టారు

అమ్మా, పాలమూరు బాబు చెప్పిన లెక్క నలుగురికి సరిపోతుంది. అక్కడ మామూలు టాక్సీలో నలుగురిని మించి ఎక్కించుకోరు. మీరు ఆరుగురు కాబట్టి రెండు టాక్సీలు. మీ ఆయన పెద్దవాళ్లతో ఒకదాంట్లో, మీరు ఇద్దరు పిల్లలతో ఇంకోదాంట్లో ఎక్కాలి. రాత్రంతా నిద్ర లేని మూడేళ్ల పిల్లాడు చంకలో, ఏడేళ్లది చెయ్యి పట్టుకుని, సూట్‌కేసులు మీరే చూసుకుంటూ! ఒక టాక్సీ ముందు, ఒకటి వెనక చేరితే అంత పెద్ద టెర్మినల్ దగ్గర ఒకరినొకరు వెతుక్కోవాలి. ఫోన్‌లో రోమింగ్ పనిచేయకపోతే అది ఇంకో తంటా.

మనం ఇక్కడ ఏం చేస్తాం? నల్గొండ నుంచైనా దేవరకొండ నుంచైనా శంషాబాద్ పోవాలంటే బస్సులు లేవా? హైదరాబాద్ దాకా బస్సు, అక్కడి నుంచి పుష్పక్. అయినా అమ్మానాన్నలతో వెళ్లేటప్పుడు ఊళ్లో తెలిసిన డ్రైవర్‌కి ఫోన్ చేసి ఎర్టిగానో ఇన్నోవానో మాట్లాడుకుంటాం. కిరాయి ఎక్కువైనా ఇస్తాం. ఎందుకంటే మనిషి ఇంటి ముందుకు వస్తాడు, సామాను ఎత్తుతాడు, నాన్న మెల్లగా ఎక్కేదాకా ఆగుతాడు. పేరు రాసిన బోర్డు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడంటే మీ అత్తమ్మకు ఎంత ధైర్యమో ఆలోచించండి. అంతటి ఖర్చు పెట్టి పెద్దవాళ్లను తీసుకెళ్తూ, వాళ్లు మొదట అడుగుపెట్టే చోటే రెండు మూడు వేలు మిగుల్చుకోవాలని చూడటం నాకు నచ్చదు.

ఇంకో మాట. సింగపూర్‌లో 1.35 మీటర్ల కన్నా తక్కువ ఎత్తున్న పిల్లలకు కారులో చైల్డ్ సీటు ఉండాలని చట్టం. ముందే బుక్ చేస్తే ఆ సీట్లు అడిగి పెట్టించుకోవచ్చు.

పాలమూరు బిడ్డ

మాస్టారూ, ఆ చట్టం నాకూ తెలుసు, కానీ అది మీ మాటకు ఎదురు తిరుగుతుంది. ఆ నిబంధన నుంచి టాక్సీలకు మినహాయింపు ఉంది. ప్రైవేట్ కార్లకు, యాప్‌లో పిలిచే బండ్లకు లేదు. అంటే ఏజెంట్ పంపిన వ్యాన్‌లో సీట్లు లేకపోతే డ్రైవర్ మిమ్మల్ని ఎక్కించుకోనని అనొచ్చు, అలా అనడం న్యాయమే. అక్కా, మీ ఏజెంట్ చైల్డ్ సీట్ల గురించి ఒక్కమాటైనా అడిగాడా? పిల్లల వయసు అడిగాడా?

దేవరకొండ మాస్టారు

చట్టం టాక్సీని వదిలేసింది కాబట్టి పిల్లాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని హైవే మీద పోవచ్చని నేను ఒప్పుకోను. బండి ఆగాల్సినంత గట్టిగా ఆగితే ఒళ్లో ఉన్న బిడ్డను ఏ తల్లీ పట్టుకోలేదు. ఇది డబ్బు లెక్క కాదు బాబూ.

కొల్లాపూర్ అమ్మాయి

సింగపూర్‌ను చూసి అన్ని ఓడరేవులూ అంతే అనుకోకండి, తర్వాత ఇది చదివేవాళ్ల కోసం రాస్తున్నా. మేం అమ్మానాన్నలతో రోమ్ నుంచి ఓడ ఎక్కాం. పేరుకే రోమ్, ఓడ ఆగేది చివిటావెక్కియాలో. ఫ్యుమిచినో ఎయిర్‌పోర్ట్ నుంచి 70 కిలోమీటర్లు. రైల్లో వెళ్తే మధ్యలో మారాలి, స్టేషన్‌లో దిగాక ఓడ దగ్గరికి మళ్లీ బస్సు. అప్పటికప్పుడు టాక్సీ అంటే వంద యూరోలు దాటుతుంది. అలాంటిచోట ముందే మాట్లాడుకున్న కారే నయం. అమెరికాలో ఓర్లాండోలో దిగి పోర్ట్ కెనావరల్‌లో ఓడ ఎక్కేవాళ్లదీ అదే పరిస్థితి, అదీ 70 కిలోమీటర్ల పైనే.

కానీ బుక్ చేసేటప్పుడు ఒక విషయం చూడాలి. మేం కారు పెట్టుకున్న కంపెనీ గంటసేపు ఉచితంగా ఆగుతామని రాసింది. ఆ గంట విమానం నేల మీద దిగిన నిమిషం నుంచి మొదలట. పాస్‌పోర్ట్ క్యూలో, సూట్‌కేసుల దగ్గర అంతకన్నా ఎక్కువే పట్టింది. బయటికి వచ్చేసరికి డ్రైవర్ లేడు, కట్టిన డబ్బు తిరిగి రాలేదు. నాన్న ఆ బెంచీ మీద కూర్చుని "ఏం కాదులే బిడ్డా" అంటుంటే నాకు ఏడుపొచ్చింది. మాస్టారు చెప్పిన "బోర్డు పట్టుకుని నిలబడే మనిషి" నిజంగా నిలబడి ఉంటేనే ఆ డబ్బుకు విలువ. ఎంతసేపు ఆగుతాడు, ఎప్పటి నుంచి లెక్క, మన విమానం నంబర్ చూసుకుంటూ ఉంటాడా, డ్రైవర్ ఫోన్ నంబర్ ముందురోజే ఇస్తారా, ఇవన్నీ రాతలో ఉండాలి.

ముంబై నుంచి క్రూజ్ ఎక్కేవాళ్లకు ఇంకోటి. 2025 డిసెంబర్ 25 నుంచి నవీ ముంబై ఎయిర్‌పోర్ట్‌లో కూడా విమానాలు దిగుతున్నాయి. బల్లార్డ్ పియర్‌కు కారు బుక్ చేసే ముందు మీ టికెట్ ఏ ఎయిర్‌పోర్ట్‌కో చూసుకోండి.

నకిరేకల్ టు సింగపూర్

మాది నకిరేకల్, ఉద్యోగం సింగపూర్‌లో. మీరంతా టాక్సీనా వ్యాన్‌నా అని వాదించుకుంటున్నారు కానీ ఎవరూ టైము అడగలేదు. అక్కా, మీరు దిగేది తెల్లవారుజామున. ఓడ సాయంత్రం. ఓడలోకి ఎప్పుడు రావాలో క్రూజ్ కంపెనీ ఒక టైము ఇస్తుంది, మామూలుగా అది మధ్యాహ్నానికి అటూ ఇటూ ఉంటుంది. ఏజెంట్లు వ్యాన్‌ను విమానం దిగే టైముకు పెడతారు, ఎందుకంటే అది వాళ్లకు సులువు. ఉదయం ఏడున్నరకు మిమ్మల్ని ఓడరేవులో దించేసి వెళ్లిపోతే, అప్పటికి ఆ ఓడలోంచి పాత ప్రయాణికులే దిగుతుంటారు. మామయ్య గారిని, పిల్లలను పెట్టుకుని సగం పూట అక్కడ కూర్చోవాలి.

అందుకని ఎయిర్‌పోర్ట్‌లోనే ఉండండి. కుర్చీలు, టిఫిన్లు, బాత్రూములు, ఉచిత వైఫై అన్నీ అక్కడ బాగుంటాయి. లగేజీ దాచే కౌంటర్లున్నాయి. పక్కనే 2019లో తెరిచిన జ్యువెల్ అనే మాల్ ఉంది, లోపలే 40 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు పడుతుంటాయి, పిల్లలకు పండగే. మామయ్య గారికి వీల్‌చెయిర్ కావాలని ఎయిర్‌లైన్‌కు ఇప్పుడే చెప్పి పెట్టండి, ఓడకు విడిగా క్రూజ్ కంపెనీకి చెప్పాలి. పదిన్నర, పదకొండుకు బయల్దేరితే చాలు.

బండి సంగతి. ఆరుగురికి రెండు టాక్సీలు అక్కర్లేదు. అరైవల్ హాల్లో గ్రౌండ్ ట్రాన్స్‌పోర్ట్ కౌంటర్ ఉంటుంది. అక్కడికక్కడే పెద్ద బండి మాట్లాడుకోవచ్చు, రేటు ముందే చెబుతారు. చైల్డ్ సీట్లు కావాలని అప్పుడే అడగండి. యాప్‌లోనూ ఆరుగురు పట్టే బండి దొరుకుతుంది, కాకపోతే ఆరు సీట్లంటే ఆరుగురు మనుషులు, ఆరు పెద్ద సూట్‌కేసులు అని కాదు. మనవాళ్లు పచ్చళ్ల డబ్బాలతో సహా వస్తారు కాబట్టి సామాను ఎంతో చెప్పి మరీ మాట్లాడుకోవాలి.

మెట్రో అంటున్న మరిదికి చెప్పండి: తనా మేరాలో ఒకసారి, ఊళ్లోకి వచ్చాక ఇంకోసారి మారి మెరీనా సౌత్ పియర్ స్టేషన్‌లో దిగాలి. కుర్రాళ్లు బ్యాగు వేసుకుని పోవడానికి అంత చవకైనది ఇంకోటి లేదు. మోకాలి ఆపరేషన్ అయిన మనిషికి మాత్రం వద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: ఇక్కడ ఓడలు ఆగే చోట్లు రెండున్నాయి. పెద్ద ఓడలు ఎక్కువగా ఆగేది మెరీనా బే క్రూజ్ సెంటర్‌లో. హార్బర్‌ఫ్రంట్ దగ్గర ఉన్నదాని పేరు సింగపూర్ క్రూజ్ సెంటర్. పేర్లు దగ్గరగా ఉన్నా చోట్లు వేరు. డ్రైవర్‌కి పేరు కాదు, టికెట్ మీదున్న అడ్రస్ చూపించండి. ఓడ కదిలే టైముకు గంట, గంటన్నర ముందే చెకిన్ మూసేస్తారు, ఎవరి కోసమూ ఆగదు.

పాలమూరు బిడ్డ

అన్నా, అంటే ముందే డబ్బు కట్టక్కర్లేదనే కదా మీరు చెప్పేదీ?

నకిరేకల్ టు సింగపూర్

వెళ్లేటప్పుడు అక్కర్లేదు తమ్ముడూ. తిరిగి వచ్చేటప్పుడు కావాలి. ఎయిర్‌పోర్ట్‌లో జనం విడతలుగా బయటికి వస్తారు, టాక్సీలూ వస్తూనే ఉంటాయి. ఓడ నుంచి మూడు నాలుగు వేల మంది ఒకే పొద్దున దిగుతారు. మెరీనా బే దగ్గర ఆ టైములో టాక్సీ క్యూ ఎంత పొడుగుంటుందో చూశాను. యాప్‌లో రేటు కూడా అప్పుడే పెరుగుతుంది. వానొస్తే ఇక చెప్పక్కర్లేదు. అక్కడ మాస్టారు గారి మాటే కరెక్ట్: పెద్దవాళ్లు, పిల్లలు ఉన్నవాళ్లకు బండి ముందే చెప్పి ఉండాలి.

దేవరకొండ మాస్టారు

టైము విషయంలో నకిరేకల్ బాబు చెప్పింది నేను ఆలోచించలేదు, బాగుంది. కానీ మీరెవరూ అసలు ప్రమాదం గురించి మాట్లాడటం లేదు. ఓడ ఎక్కే రోజే విమానం దిగడం ఏమిటి? ఆ రాత్రి శంషాబాద్‌లో విమానం కదలకపోతే వ్యాన్ ఉన్నా టాక్సీ ఉన్నా ఏం లాభం? ఒక రోజు ముందు వెళ్లండమ్మా. లిటిల్ ఇండియా దగ్గర రూం తీసుకుంటే మన తిండి దొరుకుతుంది, సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, పెద్దవాళ్లు దర్శనం చేసుకుంటారు. మర్నాడు తీరిగ్గా ఓడరేవుకు పోవచ్చు. వ్యాన్‌కు పెట్టే 7,500 ఆ రూం ఖర్చులో వేసుకోండి.

మిర్యాలగూడ కోడలు

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని ఏజెంట్‌ను అడిగాను. పికప్ ఎప్పుడంటే విమానం దిగాక అరగంటకు అన్నాడు. చైల్డ్ సీట్లు అంటే "అవేం అవసరం లేదు మేడం" అన్నాడు. ఓచర్ నమూనా పంపమంటే పంపాడు. అందులో సింగపూర్ క్రూజ్ సెంటర్ అని ఉంది. మా క్రూజ్ టికెట్ మీద మెరీనా బే అడ్రస్ ఉంది! ఆ ఒక్క ముక్క చూపించగానే మా ఆయన, నేను ఒకే మాట మీదికి వచ్చాం, డబ్బు కట్టడం లేదు.

మాస్టారూ, ఒక రోజు ముందు వెళ్లాలని నాకూ ఉంది. మా ఆయనకు సెలవు దొరకడం కష్టంగా ఉంది, అడిగి చూస్తానన్నారు. దొరక్కపోతే నకిరేకల్ అన్న చెప్పినట్టే ఎయిర్‌పోర్ట్‌లో ఆగి, కౌంటర్‌లో పెద్ద బండి తీసుకుంటాం. పెద్దదానికి ఇక్కడి నుంచే మడతపెట్టే బూస్టర్ సీటు తీసుకెళ్తాం, చిన్నోడికి సీటున్న బండే అడుగుతాం. తిరుగు ప్రయాణానికి మాత్రం ముందే బుక్ చేస్తాం. అన్నా, ఆ బండిని ఎన్నింటికి రమ్మనాలి? ఓడ ఉదయం ఏడింటికి చేరుతుందని టికెట్ మీద ఉంది.

నకిరేకల్ టు సింగపూర్

ఏడు అనేది ఓడ చేరే టైము అక్కా, మీరు దిగే టైము కాదు. ముందురోజు రాత్రి లగేజీకి రంగు ట్యాగులు ఇస్తారు, పొద్దున ఆ వరుసలోనే పిలుస్తారు. సామాను మీరే మోసుకుంటే ముందు దిగొచ్చు కానీ మీ ఇంటివాళ్లకు అది కుదరదు. మళ్లీ ఇమిగ్రేషన్ కూడా ఉంటుంది, అందుకే వీసా మల్టిపుల్ ఎంట్రీయో (ఒకసారికి మించి దేశంలోకి రానిచ్చేదో) కాదో ఒకసారి చూసుకోండి. బండిని తొమ్మిదిన్నర, పదికి రమ్మనండి. చైల్డ్ సీటు మాట, సూట్‌కేసుల లెక్క మెసేజ్‌లో రాయించుకోండి. తిరుగు విమానం ఎన్నింటికో మీరు చెప్పలేదు. మధ్యాహ్నం లోపు అయితే బండి సంగతి తర్వాత, ముందు ఆ టికెట్ మార్చుకోండి.