పాత తెలుగు సినిమాల డిస్కులు (చెన్నై): కోత పడిందో లేదో ఎలా పట్టుకోవాలి?

మాంబళం_రీలుపెట్టె
ఇక్కడి పాత కొట్లలో తెలుగు వీసీడీలు, డీవీడీలు ఇంకా అడపాదడపా కనబడుతున్నాయి. అట్ట మీద ‘పూర్తి చిత్రం’ అని ఉన్నా లోపల పద్యాలు, హాస్య సన్నివేశాలు ఎగిరిపోయినవి ఎన్నో. కొనేముందు, కొన్నాక ఏమేం చూడాలో తెలిసినవాళ్లు రాయండి.

వడపళని_శ్రోత
సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ వచ్చినప్పుడు పాజ్ కొట్టండి. నిడివి అక్కడే ఉంటుంది. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు, అంటే సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. సర్టిఫికెట్‌లో 16,200 అడుగులని ఉంటే 90తో భాగించండి, 180 నిమిషాలు. మీటర్లలో ఉంటే 27.4తో. డిస్క్ నిడివి దానికి పది పదిహేను నిమిషాలు తక్కువ ఉంటే కత్తెర పడ్డట్టే. సర్టిఫికెట్టే తీసేసిన డిస్కును నేనైతే మొదటినుంచీ అనుమానిస్తాను.

వీసీడీలకు ఇంకా తేలిక లెక్క ఉంది. ఒక్కో డిస్కులో పట్టేది 74 నుంచి 80 నిమిషాలే. మూడు గంటల సినిమా రెండు డిస్కుల్లో వచ్చిందంటే పెట్టె తెరవక్కర్లేదు, కోత పడ్డట్టే.

పెరంబూర్_ఫ్రేము
శ్రోతగారూ, ఒక చిన్న సవరణ. పాల్ (PAL, మన దేశపు టీవీ పద్ధతి) డిస్కయితే సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25తో నడుపుతారు. 180 నిమిషాల సినిమా కోత లేకుండానే 172 నిమిషాల 48 సెకన్లకు దిగుతుంది. కాబట్టి సర్టిఫికెట్ లెక్కను 0.96తో గుణించి పోల్చాలి. వీఎల్‌సీలో (కంప్యూటర్లో వీడియోలు ఆడించే ప్రోగ్రాము) కంట్రోల్+జె నొక్కితే ఫ్రేమ్ రేటు తెలుస్తుంది: 25 అయితే పాల్, 29.97 అయితే ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి). ఎన్‌టీఎస్‌సీలో నిడివి మారదు.

పాల్ డిస్కులోని ఈ తొందర చెవికి కూడా తెలుస్తుంది. సరిదిద్దకపోతే ఘంటసాల గొంతు అరస్వరంలో ముప్పావు వంతు దాకా పైకి జరుగుతుంది. పాటల కోసం సినిమా దాచుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. వీఎల్‌సీ ఆడియో సెట్టింగుల్లో టైమ్ స్ట్రెచింగ్ (వేగం మారినా శ్రుతిని మారనివ్వనిది) టిక్కు తీసేసి, వేగం 0.96 పెడితే శ్రుతి కుదురుకుంటుంది.

వడపళని_శ్రోత
నిజమే, ఆ గుణకారం రాయడం మరిచాను. ధన్యవాదాలండీ.

అడయార్_కొత్తవాడు
ఒకే డీవీడీలో మూడు సినిమాలున్నవి చవగ్గా దొరుకుతున్నాయి, తీసుకోవచ్చా? మాయాబజార్ రంగుల డిస్కు ఉంది, నలుపు తెలుపుది మళ్లీ కొనాలా?

పెరంబూర్_ఫ్రేము
మూడు మూడు గంటల సినిమాల్ని 4.7 జీబీ డిస్కులో కుక్కితే సెకనుకు వచ్చేది సుమారు 1,160 కిలోబిట్లు. అది వీసీడీ స్థాయే. గుంపు దృశ్యాల్లో ముఖాలు గళ్లుగళ్లుగా చెదిరిపోతాయి. అదే డిస్కులో ఒక్క సినిమా అయితే దానికి మూడింతలు దక్కుతుంది.

మాయాబజార్ తప్పకుండా కొనండి. 2010 రంగుల ప్రతిని సినిమాస్కోప్‌కి (బాగా వెడల్పాటి తెర) మలిచారు, కొన్ని పాటలు, పద్యాలు వదిలేశారు. 1957 నాటి చట్రం దాదాపు చతురస్రం. తెలుగులో మొదటి స్కోప్ సినిమా 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు. అంతకుముందు సినిమా ఏదైనా టీవీ నిండా వెడల్పుగా వచ్చిందంటే పైనా కిందా కోసేశారన్నమాట. దగ్గరి షాట్లలో కిరీటాలు సగానికి తెగి ఉంటాయి, చూడండి.

మాంబళం_రీలుపెట్టె
వీసీడీని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే సగంలో ఆగిపోతోంది. కారణం?

రాయపేట_డిస్కుడాక్టరు
వీసీడీలో వీడియో రాసే సెక్టార్లకు మామూలు డేటా సీడీకి ఉండే అదనపు దోష సవరణ ఉండదు. అందుకే చిన్న గీతకే విండోస్ కాపీ మొండికేస్తుంది. ఐసోబస్టర్ అనే ప్రోగ్రాములో, సినిమా ఉండే .DAT ఫైలును ‘M2F2 MPEG’ వడపోతతో తీయండి. చదవలేని చోట ఒక మెరుపు వస్తుంది గానీ మిగతాది దక్కుతుంది. డీవీడీలకైతే మేక్‌ఎంకేవీ (MakeMKV) ప్రోగ్రాము చాలు, నాణ్యత తగ్గదు.

కొనేటప్పుడు వీసీడీని ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టి చూడండి. సూదిపోటంత వెలుతురు చుక్కలు కనబడితే అక్కడ పూత ఊడిపోయింది, ఇక మందులేదు. సీడీలో ఆ పూత లేబులు కిందే ఉంటుంది కాబట్టి బొమ్మ ఉన్న వైపు గీతే ప్రాణాంతకం. డీవీడీలో అది రెండు పొరల మధ్య భద్రంగా ఉంటుంది. అడుగు ఊదాగానో నీలంగానో కనిపిస్తే అది ఇంట్లో రాసిన నకలు. కంపెనీ అచ్చు వెండి రంగులో ఉంటుంది.

మన ఉక్కకు మెత్తటి ప్లాస్టిక్ కవర్లు డిస్కుకు అంటుకుపోతాయి. గట్టి పెట్టెల్లో నిలువుగా పెట్టండి. బూజుకు గిన్నెల సబ్బు ఒక్క చుక్క వేసి కుళాయి నీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో మధ్యనుంచి అంచుకు తుడవండి. గుండ్రంగా రుద్దితే గీత ట్రాకు వెంబడే పడి వరసగా డేటా పోతుంది.