కొలరాడోలో ఎల్క్ వేటకి పాయింట్లు ఇప్పటినుంచే కూడబెట్టాలా?

అరోరా (కొలరాడో) నుంచి:

అందరికీ నమస్కారం. డాలస్ నుంచి ఉద్యోగం మారి అరోరాకి వచ్చి ఏడాది దాటింది. మాది నెల్లూరు జిల్లా, ఇక్కడ హెచ్1బి మీద ఉన్నాను. మా టీమ్‌లో కొందరు అక్టోబర్ వస్తే చాలు ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకని సెలవు పెట్టి కొండల్లోకి వెళ్ళిపోతారు. పోయినసారి వాళ్ళు తెచ్చిన మాంసం తిన్నాక నాకూ వెళ్ళాలనిపించింది. ఒకాయనేమో "పాతికేళ్ళుగా పాయింట్లు పోగేస్తున్నాను, కోరుకున్న చోట ఇంకా ట్యాగ్ (ఒక జంతువుని వేటాడే అనుమతి) రాలేదు" అంటాడు. ఇంకొకాయన "పాయింట్లతో పనేంటి, ట్యాగ్ నేరుగా కొనుక్కుని వెళ్ళడమే" అంటాడు. ఎవరి మాట పట్టుకోవాలి? ఇప్పుడు మొదలుపెడితే నాకేమైనా అందుతుందా? వీసాతో ఇబ్బంది ఏమైనా ఉంటుందా? ఇంట్లో ఇంకా చెప్పలేదు, అది వేరే టెన్షన్.

గ్రాండ్ జంక్షన్ (కొలరాడో) నుంచి:

తమ్ముడూ, ఇద్దరూ నిజమే చెప్పారు. కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో యూనిట్‌ని దృష్టిలో పెట్టుకుని మాట్లాడారు.

ఇక్కడ వేట వ్యవహారమంతా కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ చూస్తుంది. అందరం సీపీడబ్ల్యూ అంటాం. రాష్ట్రాన్ని యూనిట్లుగా విడగొట్టి నంబర్లు ఇచ్చారు. ఏ యూనిట్‌లో, ఏ సీజన్‌లో, రైఫిలా విల్లా మజిల్‌లోడరా (గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ), మగదా ఆడదా అన్నదాన్ని బట్టి ఏటా ట్యాగుల లెక్క తేలుస్తారు. కొన్ని చోట్ల ఎన్ని అడిగినా ఇస్తారు. మీ రెండో ఆయన చెప్పింది వాటి గురించే. రెండో, మూడో రైఫిల్ సీజన్లలో చాలా యూనిట్లకి మగ ఎల్క్ ట్యాగ్ కౌంటర్‌లో కొనుక్కోవచ్చు. మిగతావాటికి ట్యాగులు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి డ్రా తీస్తారు. పాయింట్ల గొడవంతా అక్కడే.

డ్రా అన్నారు కదా అని చీటీలు తీస్తారనుకోకు. తిరుమలలో సర్వదర్శనం క్యూ ఒకటుంది, ఆర్జిత సేవలకి లక్కీ డిప్ ఒకటుంది. కొలరాడోలో ఎల్క్, డీర్, ప్రాంగ్‌హార్న్ (జింకలాంటి జంతువు, యాంటిలోప్ అనీ అంటారు), ఎలుగుబంటి ట్యాగులకి వాడే ప్రిఫరెన్స్ పాయింటు దాదాపుగా క్యూ లాంటిది. ఎవరి దగ్గర ఎక్కువ పాయింట్లుంటే వాళ్ళకే ముందు. మొదటి ఎంపికగా అడిగింది రాకపోతే ఆ ఏడాదికి ఒక పాయింటు జమ అవుతుంది. వస్తే ఆ జంతువుకి పోగైన పాయింట్లన్నీ సున్నా. నాలుగు పాయింట్లు సరిపోయే చోట పదిహేను పెట్టి గెలిచినా పదిహేనూ పోతాయి, చిల్లర తిరిగి రాదు.

పేరున్న యూనిట్ల సంగతి వేరు. వాయవ్య మూలన మోఫట్ కౌంటీ వైపు 2, 10, 201 నంబర్లున్నాయి. అక్కడ మగ ఎల్క్ ట్యాగ్ రావాలంటే ఇరవై ఏళ్ళ పైమాటే. మీ మొదటి ఆయన చూపు వాటిమీదే ఉండి ఉంటుంది. ఇప్పుడు 22 పాయింట్లకి వస్తోంది కదా, నేను 22 ఏళ్ళు ఆగుతాను అనుకుంటే అందదు. ఊరికే ఉదాహరణకి చెబుతున్నా: ట్యాగులు పది, 22 పాయింట్లున్నవాళ్ళు నలభై మంది అనుకో. ఈ ఏడాది పదిమందికి వస్తే మిగతా ముప్ఫైమంది వచ్చే ఏడాది 23తో నిలబడతారు. వాళ్ళు అయ్యేదాకా 22 వాడికి చోటు లేదు. వాళ్ళు తగ్గేలోపు వెనక గుంపు ముందుకొస్తుంది. దీన్నే ఇక్కడ పాయింట్ క్రీప్ అంటారు. నువ్వు ఏడాదికి ఒక మెట్టు ఎక్కుతుంటే పైకప్పు కూడా దాదాపు అంతే లేస్తుంది. ముప్ఫైల్లో ఉన్నవాడు సున్నాతో మొదలుపెట్టి 201 కోసం ఎదురుచూడటం నా దృష్టిలో దండగ. వచ్చేసరికి మోకాళ్ళు సహకరించాలి కదా. (పేరున్న కొన్ని యూనిట్లలో కొద్ది భాగం ట్యాగులు అదృష్టం మీద ఇస్తారు, కనీసం ఐదు పాయింట్లుంటేనే. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకు.)

అలాగని పాయింట్లు వద్దనట్లేదు. ఒకటి నుంచి ఐదారు పాయింట్లకి వచ్చే మంచి యూనిట్లు బోలెడున్నాయి. జనం తక్కువ, జంతువులు ఎక్కువ. పాయింట్లు పోగేసేది అలాంటివాటికి ఖర్చుపెట్టడానికి. ఖర్చుపెట్టి మళ్ళీ మొదలుపెట్టు. సీపీడబ్ల్యూ ఏటా డ్రా రీక్యాప్ అని పీడీఎఫ్ వేస్తుంది. నీకు కావలసిన హంట్ కోడ్ (జంతువు, యూనిట్, సీజన్ కలిపి ఇచ్చే కోడ్) కింద ఎంతమంది అడిగారు, ఎన్ని పాయింట్ల దగ్గర ట్యాగులు అయిపోయాయి అన్నీ ఉంటాయి. ఒక్క ఏడాదిది చూసి ఆగకు, నాలుగైదేళ్ళవి పక్కపక్కన పెట్టి చూడు. గీత ఎంత వేగంగా లేస్తోందో అప్పుడు తెలుస్తుంది. అందులో రెసిడెంట్ల లెక్క వేరు, బయటివాళ్ళ లెక్క వేరు. 2024 నుంచి మామూలు కోడ్‌లలో 75 శాతం రెసిడెంట్లకి, 25 శాతం బయటివాళ్ళకి. నువ్వు ఇక్కడ ఆర్నెల్లు వరుసగా ఉన్నావు కాబట్టి రెసిడెంట్‌వి. ధర తేడా కూడా చిన్నది కాదు. మనకి వంద డాలర్లలోపు అయ్యే ఎల్క్ ట్యాగ్ బయటివాళ్ళకి 700 దాటుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. దరఖాస్తులో నాలుగు ఎంపికలు ఇవ్వొచ్చు, పాయింట్లు కరిగేది మాత్రం మొదటి ఎంపికకే. అందుకని మొదటి ఎంపికలో పాయింటు కోడ్ వేస్తారు, అంటే ట్యాగ్ వద్దు, పాయింటు చాలు అని. ఎల్క్‌కి అది ఈ-పీ-999-99-పీ. రెండో ఎంపికలో నిజంగా వెళ్ళదలచుకున్న చోటు పెడతారు. ఆడ ఎల్క్ ట్యాగులు చాలా యూనిట్లలో రెండో ఎంపికకే వచ్చేస్తాయి. అలా వస్తే పాయింటూ జమ అవుతుంది, వేటా దొరుకుతుంది. ఇక్కడి పాతకాపులు చాలామంది చేసేది ఇదే. ఆడదాన్ని కొడితే కొమ్ములు రావు నిజమే, కానీ మాంసం దాన్దే మెత్తగా ఉంటుంది. మా ఇంట్లో ఖీమాకి అదే కావాలంటారు.

ఇంకో ముక్క. స్నేహితులతో కలిసి గ్రూపుగా అడిగితే అందరిలో ఎవరికి తక్కువ పాయింట్లున్నాయో అదే లెక్కలోకి వస్తుంది. పాతికేళ్ళుగా పాయింట్లు పోగేస్తున్న మీ ఆయన ప్రేమకొద్దీ నిన్ను తన గ్రూపులో చేర్చుకుంటానంటే వద్దని చెప్పు. ఆయన పాతికేళ్ళు నీ సున్నా పక్కన ఎందుకూ పనికిరాకుండా పోతాయి.

సాల్ట్ లేక్ సిటీ (యూటా) నుంచి:

అన్నగారు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను. కానీ ఒక్క రాష్ట్రానికే కట్టుబడమంటే ఒప్పుకోను. మనవాళ్ళ ఉద్యోగాలు ఎక్కడ స్థిరంగా ఉంటాయి చెప్పండి? పాయింట్లు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి రావు. కొలరాడోలో పోగేసి సియాటిల్ వెళ్ళారనుకోండి, అవి మీ ఖాతాలోనే ఉంటాయి గానీ మీరు బయటివాళ్ళ క్యూలోకి మారిపోతారు.

మా దగ్గర లిమిటెడ్ ఎంట్రీ ట్యాగులకి (కొద్దిమందికే ఇచ్చేవి) బోనస్ పాయింట్లు. సగం ట్యాగులు ఎక్కువ పాయింట్లున్నవాళ్ళకి పోతాయి, మిగతా సగం డ్రాలో. పాయింట్లు ఎక్కువుంటే అవకాశం పెరుగుతుంది, అంతే. సున్నాతో అడిగినవాళ్ళకి కూడా ఎప్పుడో ఒకసారి తగులుతుంది. మా ఆయనకి అలాగే ప్రాంగ్‌హార్న్ ట్యాగ్ వచ్చింది, పక్కింటాయన ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మొహం మాడ్చుకుంటాడు. ఎల్క్ లిమిటెడ్ ఎంట్రీ వస్తే తర్వాత ఐదేళ్ళు మళ్ళీ అడగకూడదు. యూటా రెసిడెంట్లు డీర్, ఎల్క్, ప్రాంగ్‌హార్న్ మూడింట్లో ఏదో ఒక్కదానికే లిమిటెడ్ ఎంట్రీ అడగాలి, బయటివాళ్ళు అన్నింటికీ అడగొచ్చు. ఈ ఒక్క విషయంలో మీరే మాకంటే నయం.

వయోమింగ్ మీకు దగ్గరే. అక్కడ ఎల్క్, డీర్, యాంటిలోప్‌లకి పాయింట్ల పద్ధతి బయటివాళ్ళకే. 75 శాతం ట్యాగులు పాయింట్ల ప్రకారం, 25 శాతం డ్రాలో ఇస్తారు. ఎల్క్ పాయింటు 52 డాలర్లు, జూలై నుంచి అక్టోబర్ చివరిదాకా విడిగా కొనుక్కోవచ్చు. వరుసగా రెండేళ్ళు మరిచిపోతే అన్నీ పోతాయి. ఎల్క్ దరఖాస్తు గడువు ఫిబ్రవరి మొదట్లోనే అయిపోతుంది, కొలరాడో తేదీలు చూసుకుంటూ కూర్చుంటే దాటిపోతుంది. అక్కడ వైల్డర్‌నెస్ అని గుర్తించిన అడవుల్లో బయటివాళ్ళు గైడ్ గానీ స్థానికులు గానీ తోడు లేకుండా పెద్ద జంతువుల వేటకి వెళ్ళకూడదు. యూనిట్ ఎంచుకునేముందు మ్యాప్ మీద అది చూసుకోండి. పాయింట్లే వద్దనుకుంటే న్యూ మెక్సికో, ఐడహో ఉన్నాయి. అక్కడ ఏటా అందరూ సున్నాయే.

ఫోర్ట్ కాలిన్స్ (కొలరాడో) నుంచి:

పాయింట్ల మాట తర్వాత. వీసా సంగతి ఎవరూ ఎత్తలేదేంటి?

బాబూ, హెచ్1బి, హెచ్4, ఎల్1, ఎఫ్1 ఇవన్నీ నాన్ ఇమిగ్రెంట్ వీసాలు. ఫెడరల్ చట్టం 18వ టైటిల్ 922వ సెక్షన్ ప్రకారం ఈ వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొనడం సంగతి సరే, మీ కొలీగ్ రైఫిల్ కాసేపు పట్టుకున్నా, రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా అది కూడా ఉంచుకోవడం కిందకే వస్తుంది. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకి పనికొచ్చేది ఒకటే: ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకి ఈ నిషేధం లేదు.

కొలరాడోలో డ్రాకి దరఖాస్తు చేయాలంటే ముందు ఒక క్వాలిఫయింగ్ లైసెన్స్ కొనాలి. చాలామంది వార్షిక స్మాల్ గేమ్ (చిన్న జంతువుల వేట) లైసెన్స్ తీసుకుంటారు. మీకు ఆ కాగితమే మినహాయింపుగా కూడా పనిచేస్తుంది. అది మార్చి 31తో ముగుస్తుంది. కొత్తది మార్చి 1 నుంచే దొరుకుతుంది కాబట్టి ఆ నెలలోనే తీసుకోండి. ఏప్రిల్‌లో తీసుకుందాంలే అనుకుంటే ఆ మధ్య రోజుల్లో మీ బీరువాలో రైఫిల్ ఉండటమే నేరం. షాపులో తుపాకీ కొనడానికి 4473 అనే ఫెడరల్ ఫారం నింపేటప్పుడు ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) నంబర్, లైసెన్స్ రెండూ అడుగుతారు. అబద్ధం టిక్ పెట్టకండి, దాని మీద ఇమిగ్రేషన్ కేసే పడొచ్చు. నేను లాయర్‌ని కాను. గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తున్నవాళ్ళు మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి గానీ ముందుకెళ్ళొద్దు. ఇదంతా తలనొప్పి అనుకుంటే విల్లుతో మొదలుపెట్టండి, ఈ తుపాకీ చట్టం దానికి వర్తించదు.

లైసెన్స్ కంటే ముందు హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) కార్డు కావాలి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళందరికీ ఇక్కడ తప్పనిసరి. ఒకసారి చేస్తే మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. మార్చిలో క్లాసులు నిండిపోతాయి, చలికాలంలోనే కానిచ్చేయండి.

మాంసం గురించి కూడా చెప్పాలి. సీడబ్ల్యూడీ అనే, జింకల మెదడుని పాడుచేసే జబ్బు మొదట బయటపడింది మా ఊళ్ళోనే, 1967లో, పరిశోధన కోసం పెంచిన జింకల్లో. ఇప్పుడు రాష్ట్రంలో చాలాచోట్ల ఉంది. తలని సీపీడబ్ల్యూ పరీక్షకి ఇచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లో ఉంచండి. జబ్బు ఉందని తేలితే తినొద్దు. బంధువులకి పంచేది కూడా ఆ తర్వాతే.

అరోరా నుంచి:

చాలా థ్యాంక్స్ అండీ. తుపాకీ విషయం అస్సలు తెలియదు. వచ్చే వారం కొలీగ్‌తో రేంజ్‌కి వెళ్దామనుకున్నాను, మానేశాను. అన్నయ్యా, మరి ఈ ఏప్రిల్‌కి ఏం పెట్టమంటారు? మా ఆవిడ కూడా పాయింట్లు తీసుకోవచ్చా? ఊరికే అడుగుతున్నా, ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

గ్రాండ్ జంక్షన్ నుంచి:

మంచి పని చేశావు. మీ ఆవిడ హంటర్ ఎడ్యుకేషన్ చేస్తే తన పేరుతో తను తీసుకోవచ్చు. పాయింటు ఎవరిది వాళ్ళదే, ఒకరిది ఇంకొకరికి రాయలేం.

గడువు ఏప్రిల్ మొదటి మంగళవారం రాత్రి 8 గంటలు. ఎల్క్‌కి మొదటి ఎంపిక పాయింటు కోడ్, రెండోది మీకు మూడు గంటల డ్రైవ్‌లో ఉండే యూనిట్‌లో ఆడ ఎల్క్ పెట్టు. డీర్, ప్రాంగ్‌హార్న్‌లకి కూడా పాయింటు కోడ్‌లు వేసెయ్. ఒక్కోదానికి దరఖాస్తు రుసుము కొద్దిపాటిదే. ప్రాంగ్‌హార్న్ తూర్పు మైదానాల్లో ఉంటుంది, కొండలెక్కే పని లేదు, అయితే అక్కడ ఎక్కువ ప్రైవేటు భూమి. రైతుని అడగకుండా కంచె దాటొద్దు. డ్రాలో ఏమీ రాకపోతే జూన్‌లో రెండో డ్రా, ఆగస్టులో మిగిలిపోయిన ట్యాగుల జాబితా ఉంటాయి. ట్యాగ్ వచ్చాక ఆఫీసులో సెలవు దొరకకపోతే సీజన్‌కి 30 రోజుల ముందే తిరిగి ఇచ్చెయ్, పాయింట్లు వెనక్కి వేయించుకోవచ్చు.

వేసవిలో ఒక శనివారం ఆ యూనిట్‌కి ఖాళీ చేతులతో వెళ్ళి నడిచి చూడు. పదివేల అడుగుల ఎత్తులో ఊపిరి ఎలా ఆడుతుందో చూసుకో. పెద్ద ఎల్క్ పడితే ఎముక తీసేశాక కూడా మాంసం దాదాపు 200 పౌండ్లు ఉంటుంది, దాన్ని వీపు మీదే మోయాలి. నాతో రావాలంటే మూడో రైఫిల్ సీజన్‌లో ఖాళీగా ఉంటాను, నంబర్ విడిగా పంపిస్తా. నారింజ రంగు చొక్కా, టోపీ నువ్వే కొనుక్కో. చొక్కా మీద ఆ రంగు 500 చదరపు అంగుళాలు ఉండాలి, లేకపోతే ఫైన్ వేస్తారు.